ఒక పెడలా, రెండు తెడ్లా?

చేపల షికారుకి కయాక్ కొంటున్నాను, పెడల్‌ది తీసుకోనా, తెడ్డుది తీసుకోనా అని డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు మష్వరా అడిగాడు. పరదేశంలో ఉన్న మన పిల్లల్లో ఇంకొందరికీ ఈ సవాల్ రావచ్చు కాబట్టి నా రాయ్ ఇక్కడే రాస్తున్నా.

ముందు ఇన్సాఫ్‌గా పెడల్ ఫాయిదా చెప్పుకుందాం. గాలం పట్టే చేతులే తెడ్డూ వెయ్యాలంటే కష్టం. చేప లాగుతుంటుంది, గాలి పడవని ఇంకో దిక్కుకి తోస్తుంటుంది. కాళ్లతో తొక్కితే చేతులు ఆజాద్. హోబీ కంపెనీ 1997లో పెంగ్విన్ రెక్కల్లాంటి తొక్కుడు యంత్రం తెచ్చింది. తర్వాత ఫంకా తిరిగేవీ వచ్చాయి. రే హబ్బర్డ్ లాంటి పెద్ద జలాశయంలో, గాల్వెస్టన్ ఖాడీలో గాలికి ఎదురు పోవాలంటే పెడలే మేలు. భుజాల నొప్పి ఉన్నవాళ్లకీ అంతే.

ఇక నుక్సాన్. వజన్ ఎక్కువ, చాలావి 45 కిలోలు దాటతాయి. కారు మీదికి ఒక్కడే ఎత్తలేడు. ఫంకాకి అడుగు, అడుగున్నర లోతు కావాలి, నాచులో చిక్కుకుంటుంది. తెడ్డు పడవకి జానెడు నీళ్లు చాలు. ఉప్పునీళ్లలో తిప్పితే యంత్రాన్ని ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. అది మొరాయిస్తే ఒడ్డు చేరడానికి ఎలాగూ ఒక తెడ్డు వెంట ఉండాల్సిందే!

అసలు మాట ధర. పేరున్న పెడల్ కయాక్ 2,000 డాలర్లు దాటడం మామూలే. ఆ పైసలకి మంచి తెడ్డు కయాక్‌లు రెండు వస్తాయి. రెండోది ఎవరికంటారా? మా భతీజాకి పన్నెండేళ్లు, ఈత వచ్చు. సెలవు రోజున అబ్బా ఫజర్ చదివి షికారుకి పోయి జుహర్‌కి వస్తే, పిల్లోడు అప్పటిదాకా ఫోన్ చూస్తూ పడుకుంటాడు. వారమంతా ఆఫీసు, ఆదివారం చెరువు. మరి కొడుకు హఖ్ ఎప్పుడు?

ఇద్దరూ నీళ్ల మీదుంటే చేపలు తక్కువ పడొచ్చు. పడనీ. సబర్ ఏమిటో పిల్లోడికి అక్కడ తెలిసినంతగా నా నసీహత్‌తో తెలీదు.

హిఫాజత్ మాత్రం మరవొద్దు. టెక్సాస్ కానూన్ ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. తండ్రీ తొడుక్కోవాలని నేనంటాను. 17 ఏళ్లు నిండినవాళ్లకి చేపల లైసెన్సు కావాలి. మొదటి రోజు గాలం పక్కన పెట్టి, నడుంలోతు నీళ్లలో పడవ నుంచి పడి మళ్లీ ఎక్కడం నేర్చుకోండి.

ఒంటరిగా, దూరం, గాలిలో పోయేవాడు పెడల్ కొనుక్కోవచ్చు, అది ఫిజూల్‌ఖర్చీ కాదు. సూద్ కిస్తీల మీద మాత్రం వద్దు. బాల్‌బచ్చాలున్న ఇంటికి నా ఓటు రెండు తెడ్లకే.