అటక మీది పెళ్ళి బిళ్ళలు

మొన్న అటక దులుపుతుంటే పాత చీరల మూటలో మా పెళ్ళి సీడీలు దొరికాయండీ. 2003లో వీడియో తీసినతను ఇచ్చిన మూడు బిళ్ళలు. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి, పెళ్ళివో, బారసాలవో. పాత ప్లేయరు తుడిచి పెట్టి చూశాను. మూడో బిళ్ళలో అప్పగింతలు వచ్చేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరి ఆగిపోయింది. మా నాన్నగారు మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్కచోటే. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఒక్క పెళ్ళికి మూడు బిళ్ళలెందుకని అప్పట్లో అడగలేదు. సినిమాలూ అలాగే వచ్చేవి కదా, సరిగ్గా కథ పాకాన పడ్డప్పుడు లేచి బిళ్ళ మార్చాలి! వీడియో సీడీలో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. మామూలు సీడీలో 650 నుంచి 700 ఎంబీ పడుతుంది. అదే 12 సెంటీమీటర్ల డీవీడీలో 4.7 జీబీ, అంటే దాదాపు ఏడు సీడీల సరుకు. రెండు పొరలదైతే 8.5. బ్లూరేలో ఒక పొరకే 25, రెండు పొరలకి 50.

బిళ్ళ పెరగకుండా సరుకెలా పెరిగిందంటారా? జంతికల చుట్ట వత్తడం గుర్తుతెచ్చుకోండి. లావు అచ్చు వేస్తే నాలుగు చుట్లకే గరిటె నిండుతుంది. సన్న అచ్చు వేస్తే అదే గరిటెలో బోలెడు చుట్లు. ఇక్కడా అంతే. సమాచారమంతా ఒకే చుట్టగా మధ్య నుంచి అంచుకి సాగుతుంది. చుట్టుకీ చుట్టుకీ ఎడం సీడీలో 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రోమీటరు! అంత సన్నటి గీత చదవడానికి డీవీడీకి ఎర్రటి లేజరు, బ్లూరేకి నీలం కలిసిన ఊదా లేజరు కావాలి. పాత వీసీడీ ప్లేయర్లో డీవీడీ ఆడనిది అందుకే.

మధ్య నుంచి అంచుకి అన్నాను చూశారా, నా తిప్పలన్నీ అక్కడే. బిళ్ళ నిండా ఉంటే ఆఖరి ఘట్టం అంచు దగ్గరికి చేరుతుంది. మన వేళ్ళు తగిలేదీ, గీసుకునేదీ ఆ అంచే. తుడిచేటప్పుడు మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. సీడీలో పేరు రాసే వైపు ఇంకా జాగ్రత్త. సమాచారం ఆ పూత కిందే ఉంటుంది, అక్కడ గీత పడితే ఇక బాగవదు. బాల్‌పెన్నుతో రాయొద్దు, స్టిక్కర్లు అంటించొద్దు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిళ్ళ పెట్టే అరే లేదు. ఎదురింటి కుర్రాడి పాత కంప్యూటర్లో పెట్టించాను. మూడూ కలిపి రెండు జీబీ పైచిలుకే, ఒక్క డీవీడీలో సగం చోటు మిగిలింది! ఖాళీ డీవీడీ మీద 4.7 అని ఉంటే కంప్యూటరు 4.37 చూపించింది. షాపువాడు మోసం చేశాడనుకున్నాను. పాపం, కాదట. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తే కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. కొలపాత్ర తేడా అంతే. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేయించాను.

నాన్నగారున్నది రెండు నిమిషాలు వచ్చింది. నా చెయ్యి అత్తగారి చేతిలో పెట్టే దగ్గర మళ్ళీ గళ్ళే, మాట మాత్రం వినబడుతోంది. మా ఆడపడుచు దగ్గర ఇంకో సెట్టు ఉందిట. వచ్చే వారం పంపిస్తానంది.