పాట మిగిలింది, పాడినవారు?

మన వాగ్గేయకారులు పాటలో తమ ముద్ర వేసుకునేవారు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు పలుకుతాడు. త్యాగయ్యగారి కృతిలో ఆయన పేరే వినిపిస్తుంది. రంగస్థలంమీద పాడే వినోదగీతానికి ఆ కట్టుబాటు లేదు. పాట జనం నోట పడ్డదంటే కర్త పేరు జారిపోతుంది. చాలాసార్లు అది అదృష్టమే. జర్మనీలోని హాంబుర్గు రేవుపట్నంలో మాత్రం అది అన్యాయంగా పరిణమించింది.

హాంబుర్గు సముద్రం ఒడ్డున లేదు. ఎల్బ్ నదిమీద దాదాపు 100 కిలోమీటర్లు లోపల వుంది. అయినా సముద్రపు ఆటుపోట్లు అక్కడిదాకా వస్తాయి. ఊరి కాలువల్లో నీరు తీసినపుడు బురదలోకి దిగి, పడవలనుంచి జారిపడ్డ సరుకు ఏరుకొని పొట్ట పోసుకునే బీదలు పూర్వం అక్కడ వుండేవారు. 1895లో ముగ్గురు అన్నదమ్ములు—లుడ్విగ్, లియోపోల్డ్, జేమ్స్—ఒక మేళం కట్టారు. వారిది ఇసాక్ అనే యూదుల కుటుంబం. రంగస్థలంమీద వోల్ఫ్ సోదరులయ్యారు. ఆ కాలువ జనం వేషం వేసి, బడిలో నేర్పే జర్మనులో కాక, రేవు కూలీలూ పడవవాళ్ళూ మాట్లాడే ప్లాట్ భాషలో పాడారు. తమ మాట పాటలో వినేసరికి ఊరు వారిని నెత్తిన పెట్టుకుంది.

1906లో జేమ్స్ విరమించుకున్నాడు. మిగిలిన ఇద్దరూ సాగించారు. 1911లో లుడ్విగ్ రాసిన పాట ఇప్పటికీ హాంబుర్గు వారి సొంత పాట. అందులో ఓడల వర్ణన లేదు, నదికి స్తోత్రం లేదు. వీధి మలుపులో చక్రం దొర్లించే కుర్రవాడున్నాడు. రెండో చేతిలో వెన్న రాసిన రొట్టె. కాలు తట్టుకొని బోర్లాపడి, తల రాతికి కొట్టుకున్నా, నొప్పి లేదని బుకాయిస్తాడు. ఆపైన పక్కవాళ్ళ దొడ్లో ఆపిల్ పళ్ళ దొంగతనం. అదీ తమ ఊరివాళ్ళకే చేతనవుతుందని గొప్ప! ఊరిమీద ప్రేమను చెప్పడానికి ఇంతకన్న మంచి దారి వుందా? పొగడ్తలు పరాయివాడూ చెప్పగలడు. ఆ ఊరి పిల్లల అల్లరి ఎరిగినవాడు ఇంటివాడే.

లియోపోల్డ్ 1926లో కన్నుమూశాడు. ఆయన కొడుకు ఆ చోటు తీసుకున్నాడు. 1933లో నాజీలు వచ్చారు. యూదులకు వేదిక లేకుండా పోయింది. పాటను మాత్రం ఎవరూ నిషేధించలేదు. అది జానపదమనీ, కర్త ఎవరో తెలియదనీ అందరూ హాయిగా పాడుకున్నారు. కర్తేమో ఆ ఊళ్ళోనే వున్నాడు! భార్య యూదురాలు కానందువల్ల లుడ్విగ్ బతికి బయటపడి 1955లో మరణించాడు. జేమ్స్‌ను తెరెజీన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1943లో అక్కడే ప్రాణం విడిచాడు. లియోపోల్డ్ కుమారులు షాంఘైకి పారిపోయి, తరవాత అమెరికా చేరారు.

యుద్ధం ముగిసినా, ఊరు పాటనే తలచుకుంది, పాడినవారిని కాదు. చాలాకాలానికి లియోపోల్డ్ మునిమనుమడు డాన్ వోల్ఫ్, కాలిఫోర్నియాలో పాటలు కట్టే యువకుడు, హాంబుర్గు వచ్చి ముత్తాత పాటను తన ధోరణిలో పాడాడు. ఆ కథతో యెన్స్ హుకెరీడె తీసిన చిత్రం 2003లో వెలువడింది. ఇప్పుడు హాంబుర్గులో వోల్ఫ్ సోదరుల పేర ఒక కూడలి వుంది.

ఆలస్యంగానైనా ఆ మాత్రం జరిగింది, సంతోషం. కాని పాట "అందరిదీ" అన్నపుడు కాస్త ఆగి ఆలోచించవలసి వుంది. హాంబుర్గులో ఆ అందరిలోనుంచి తీసివేసింది, పాట కట్టి ఇచ్చిన ఇంటివారినే. మన పిల్లలు ఇంట్లో ఏదైనా పాట పాడుతూంటే, కట్టినవారెవరో తెలిస్తే ఆ పేరు కూడా నేర్పండి. పాటకు అదేమీ బరువు కాదు.