వేళకు మాత్ర, వేళ తప్పిన భోజనం

హోసూరు, కృష్ణగిరి, బళ్లారి, రాయచూరు, బరంపురం, యానాం... ఏ ప్రాంతాన్ని తీసుకున్నా తెలుగు కుటుంబాలలో లారీయో, బస్సో, టాక్సీయో నడిపి ఇల్లు గడుపుతున్నవారు కనిపిస్తారు. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. బండి నడిపేవారు ఇందుకు మినహాయింపు కారు. అయితే కార్యాలయంలో కూర్చుని పనిచేసే గుమాస్తాకు షుగరు ఉండటం వేరు, నిండు సరుకుతో రాత్రివేళ ఘాటు దిగే డ్రైవరుకు ఉండటం వేరు. ఈ భేదాన్ని చట్టంగానీ, యజమానులుగానీ, చాలా సందర్భాలలో కుటుంబాలుగానీ గుర్తించకపోవడం విచారకరం.

షుగరు ఉన్నంత మాత్రాన బండి నడపరాదని కాదు. మాత్రలన్నీ ఒకటి కావన్నది ముందుగా గ్రహించవలసిన విషయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రల తీరు వేరు. అవి క్లోమం చేత ఇన్సులిన్‌ను స్రవింపజేస్తాయి. మనిషి అన్నం తిన్నాడా లేదా అన్నదానితో వాటికి నిమిత్తం లేదు. ఇన్సులిన్ సూది విషయమూ అంతే. మందు పుచ్చుకొని భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల దిగువకు జారవచ్చు. మొదట చెమట, వణుకు, గుండెదడ, ఆపై మసక చూపు, తికమక. చూసేవారు తాగి ఉన్నాడనుకుంటారు. వ్యాధి ముదిరినవారిలో కొందరికి ఈ ముందస్తు సూచనలు కూడా తెలియవు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు గుండెదడను కప్పిపుచ్చుతాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపిన మాత్రలు మన దేశంలో విరివిగా వాడుకలో ఉన్నాయి కనుక, తాను మింగేది ఏదో డ్రైవరుకు తెలిసి ఉండటం అవసరం.

ఇక ట్రిప్పు సంగతి. సరుకు ఎక్కించేచోట గంటల నిరీక్షణ, గడువులోగా చేరాలన్న ఒత్తిడి, దారిలో లారీ నిలుపుకొనే చోటు లేకపోవడం. వీటి నడుమ మధ్యాహ్న భోజనం సాయంత్రానికి జరుగుతుంది. ఇది గ్రహించిన కొందరు ట్రిప్పు ముగిసేదాకా మాత్రలే మానివేస్తారు. అదీ ప్రమాదమే. చక్కెర పెరిగితే దాహం, మాటిమాటికీ మూత్రం, మగత, చూపు మసకబారడం తప్పవు. ఏళ్లు గడిస్తే కంటి తెర దెబ్బతింటుంది, పాదాలు తిమ్మిరెక్కి బ్రేకు మీద కాలు ఎంత బలంగా పడుతున్నదో తెలియని స్థితి వస్తుంది.

మరి చట్టం ఏమి చేస్తున్నది? లైసెన్సు కోసం ఇచ్చే స్వీయ ప్రకటనలో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం, తల తిరగడం వంటివి ఉన్నాయా అని అడుగుతారు. మధుమేహం గురించి విడిగా ప్రశ్న లేదు. రవాణా వాహనాల లైసెన్సు గడువును 2019 సవరణ మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. నడుమ వచ్చిన వ్యాధి వైద్య ధ్రువపత్రంలో కనిపించాలంటే మళ్లీ రెన్యూవల్ దాకా ఆగాలి. రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకు ఒకసారి అరగంట విరామం అని చెప్పిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిసిపోయింది. నిర్దేశిత వర్గాల కార్మికులకు యజమాని ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలని కొత్త కోడ్ చెబుతున్నది. మంచిదే. కానీ పాత చట్టం ఐదుగురు పనివారున్న సంస్థకే వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలి. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర పనిచేసే మన ఊరి డ్రైవరు ఈ లెక్కలోకి రాడు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసిన ప్రభుత్వం, ఆ క్యాబిన్‌లో కూర్చునే మనిషి భోజన వేళను కూడా పట్టించుకోవాలి.

సరిహద్దువాసులకు మరొక చిక్కు ఉన్నది. షుగరు, రక్తపోటు మందులను ఇంటికే చేర్చే తమిళనాడు పథకం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభమైంది. అయితే మందు ఇంటికి వచ్చే వేళకు డ్రైవరు మరో రాష్ట్రంలో ఉంటాడు. వైద్యుడు చెప్పిన జాగ్రత్త తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో ఉంటుంది, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో అందవలసినది ఆ జాగ్రత్తే.

బ్రిటన్‌లో చక్కెరను పడగొట్టే మాత్రలు వాడే లారీ, బస్సు డ్రైవర్లు ఆ సంగతి లైసెన్సు శాఖకు తెలియజేయాలి, రోజుకు కనీసం రెండుసార్లు రక్తపరీక్ష చేసుకోవాలి. ఉపాధి పోతుందన్న భయం తొలగించకుండా మన దగ్గర అటువంటి నియమం పెడితే దాపరికమే పెరుగుతుంది. చెప్పినవాడికి పని పోకుండా, భోజన విరామం దొరికేలా హామీ ముందు రావాలి.

అంతవరకు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వైద్యునికి మొదటి మాటగా ‘నేను బండి నడుపుతాను’ అని చెప్పాలి. చక్కెర పడిపోయే ప్రమాదం తక్కువగా ఉన్న మందులు ఉన్నాయి, మార్చవలసినది వైద్యుడే. అటువంటి మాత్రలో, ఇన్సులినో వాడేవారు బయలుదేరే ముందు, దారిలో రెండు గంటలకొకసారి పరీక్షించుకోవడం మేలు. 90కి లోపు ఉంటే తిన్న తరువాతే కదలాలి. చెమట, వణుకు కనిపిస్తే బండి పక్కకు ఆపి, తాళం తీసి, మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి, తగ్గకపోతే మళ్లీ తాగాలి. చక్కెర మామూలు స్థాయికి వచ్చాక కూడా భోజనం చేసి, ముప్పావు గంట ఆగాలి. ఖాళీ కడుపున మద్యం ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. క్లీనరుకు ఈ సంగతులన్నీ తెలిసి ఉండాలి.

ఇంటివారు ఫోను చేసినప్పుడు ‘ఎక్కడిదాకా వచ్చావు’ అని అడుగుతారు. ‘అన్నం తిన్నావా’ అన్నది ముందు అడగాలి. యజమాని కూడా ఆ ప్రశ్నే అడగడం మొదలుపెట్టినప్పుడు ఈ రహదారులు కొంత క్షేమంగా ఉంటాయి.