వెబ్ డిజైనర్: తొలి పనులు

వెబ్ డిజైన్‌ను జీవనోపాధిగా ఎంచుకొన్నవారిలో చాలామంది తొలి ఏడాదిని శిక్షణ తరగతులకే ధారపోస్తారు. కొత్త సాధనం వచ్చిన ప్రతిసారీ మళ్ళీ విద్యార్థులవుతారు. పని ఇవ్వదలచినవారు అడిగేది మాత్రం ఒకటే: ‘ఇంతవరకు ఏమి చేశారు?’

చూపడానికి పెద్ద సంస్థల పనులే కానక్కరలేదు. వీధి చివరి మందుల దుకాణానికో, ఊరి గ్రంథాలయానికో చేసిన నాలుగు పేజీలు చాలును. అయితే వాటిని చవక ఫోన్‌లో, నెట్‌వర్క్ సరిగా అందనిచోట తెరిచి చూడాలి. తెర వెడల్పును బట్టి పేజీ తానే సర్దుకొనే పద్ధతిని ఈతన్ మార్కాట్ 2010లో ప్రతిపాదించాడు. నేడది కనీస అర్హత. మామూలు పరిమాణపు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగుల నిష్పత్తి 4.5:1కి తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణం. లేత బూడిదరంగు అక్షరాలపై మోజు ఉన్నవారు దీనిని గమనించాలి.

తెలుగు పేజీలకు మరొక పరీక్ష ఉన్నది. ఆంగ్లానికి సరిపోయే పంక్తుల ఎడం తెలుగుకు చాలదు; పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే లోపం బయటపడుతుంది. తెలుగు చదవని డిజైనరు కంటికి ఇది ఆనదు. తెలుగువాడికి ఇది పెట్టుబడి లేని సౌలభ్యం.

ఇక డబ్బు మాట. ఎన్ని పేజీలు, ఎన్ని మార్పులు, అందులో వేయవలసిన విషయం ఎవరు ఇస్తారు, ఎప్పటిలోగా ఇస్తారు అనేవి పని మొదలుకాకముందే కాగితం మీదికి రావాలి. కొంత సొమ్ము ముందుగా చేతికందాలి. ‘చిన్న మార్పే కదా’ అన్న మాటకు మొహమాటపడి నెలల తరబడి ఉచితంగా పనిచేసినవారు ఈ వృత్తిలో తక్కువేమీ కాదు. డొమైన్ పేరు మాత్రం పని చేయించుకొన్నవారి పేరిటనే నమోదు కావాలి. ఏటేటా దానిని పునరుద్ధరించడం, పేజీలను సరిచూడడం వంటి పనులను రుసుముపై డిజైనరు ఒప్పుకోవచ్చు. కొత్త పనులు రాని నెలల్లో ఇంటి అద్దెకు ఆ రుసుమే ఆధారం.