బాణం గుర్తు లేని బాట

స్పెయిన్‌లో కామినో నడిచొచ్చిన మనవాళ్ల యాత్రా కథనాలు ఈ మధ్య తరచుగా చదువుతున్నాను. చాలావాటి చివర ఒకటే నిట్టూర్పు: యూరప్ వాళ్లలో ఇంకా నడక భక్తి ఉంది, మనకే పోయింది అని. ఈ మాటతోనే నా పేచీ.

మధ్యయుగంలో వెలిగిన ఆ దారి తర్వాత దాదాపు మరుగున పడింది. 1980లలో ఓ సెబ్రెయిరో అనే కొండ ఊరి ఫాదర్ ఎలియాస్ వలీన్య పసుపు రంగు డబ్బా పట్టుకుని దారి పొడుగునా బాణం గుర్తులు గీశాడు. 1987లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ దాన్ని సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1993లో యునెస్కో గుర్తించింది. దారెంట చవక సత్రాలు వచ్చాయి. 2024లో దాదాపు 5 లక్షల మంది యాత్ర పూర్తి చేశారు. వాళ్లందరూ భక్తులేనా? కాదు, ఊరికే నడిచినవాళ్లూ ఉన్నారు.

ఇక మన సంగతి. కేస్లాపూర్ నాగోబా కోసం మెస్రం వంశస్థులు ఏటా గోదావరిలో హస్తినమడుగు దాకా కాలినడకన పోయి ఝరిలో గంగాజలం తెస్తరు. స్టాంపులుండవు, సర్టిఫికెట్లుండవు. చైత్ర పున్నమికి హనుమాన్ మాల వేసినోళ్లు మండే ఎండల కొండగట్టుకు నడుస్తరు. ఫిబ్రవరిలో గుణదల మాత దగ్గరికి నడిచిపోయే క్రైస్తవులున్నరు. భక్తి పోయిందని ఎవరన్నరు?

లేనిది దారి. కరీంనగర్ నుంచి మెదక్ చర్చికి నడిచి చూడండి. పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన గుడి అది. కరువుల కూలికొచ్చినోళ్ల చెమటతో లేచిందని పెద్దలు చెప్పేవారు. కామినో సర్టిఫికెట్‌కు 100 కిలోమీటర్లు నడిస్తే చాలు. మెదక్ అంతకన్నా దూరమే. కానీ రాజీవ్ రహదారి మీద నడిచేటోనికి దక్కేది తెల్లగీత అవతలి జానెడు జాగ. కోతలప్పుడు అక్కడా వడ్లు ఆరబోసి ఉంటయి. లారీ హారన్ కొడితే పక్కకు దుంకాలె.

ఒకప్పుడు ఊరి నడిబజార్ల చెప్పులేసుకుని నడిచే హక్కు మా తాతలకు లేకుండె. ఇప్పుడు హైవే మీద నడిచే హక్కు ఎవరికీ లేదు.

"బండ్లకే రోడ్లు చాలవు, నడకదారులా?" అంటరు. వలీన్య చేతిలో మొదట ఉన్నది రంగు డబ్బానే. రోడ్డు పక్కన ఒక మట్టిబాట, చెట్ల నీడ, పది కిలోమీటర్లకొక నీళ్లకుండ, రాత్రికి తలదాచుకోను ఒక బడి వరండా. మాల వేసినోళ్లు, సిలువ పట్టినోళ్లు, ఏ దేవుణ్నీ మొక్కనోళ్లు అందరూ దాని మీదనే నడవొచ్చు. ముందు ఇది అడుగుదాం. భక్తి సంగతి నడిచేటోళ్లు చూసుకుంటరు.