కేన్సర్ రోగులకు సంఘం తోడు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన బిషప్పు గారికి, అధ్యక్ష మండల కార్యనిర్వాహక సభ్యులకు,

గ్రామ సంఘాల స్త్రీల మైత్రి సభ్యులం వందనాలతో రాసుకుంటున్న విన్నపం.

అయ్యా,

మా ఊళ్ళలో ఎవరైనా కన్నుమూస్తే సంఘమంతా కదిలివస్తుంది. పెట్టె దగ్గర్నుంచి ఆదరణ కూడిక భోజనాల దాకా ఏ లోటూ రానివ్వరు. అదే మనిషి నోట్లో పుండుతోనో రొమ్ములో గడ్డతోనో ఆసుపత్రుల చుట్టూ తిరిగినన్నాళ్ళూ ఆదివారం ప్రార్థనలో పేరు చదివి సరిపెడుతున్నాం. ప్రార్థన చాలని మేమనం, వద్దనీ అనం. మనిషి బతికుండగా చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు బస. కరెంటు (రేడియేషన్) పెట్టించుకునేవాళ్ళు చాలామంది వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు నగరంలోనే ఉండాలి. మిషన్ కింద పడుకునేది కాసేపే. మిగతా పొద్దంతా ఎక్కడుండాలి? వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీలో పోతుంది (సర్కారు పేరు మార్చినా మా నోళ్ళలో అదే పేరు), గది అద్దె పోదు. గర్భసంచి కేన్సరు వచ్చిన మా సంఘ సహోదరి ఒకామె ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని రోజులు వెళ్ళదీసింది. తోడెళ్ళిన భర్తకు మిరపకోతల కూలి పోయింది. ఇంకో వారం కరెంటు మిగిలి ఉండగానే ఇద్దరూ ఇంటికొచ్చేశారు. అదే నగరంలో మన మిషన్ కాంపౌండులోని పాత బంగళా పెళ్ళిళ్ళ రోజుల్లో అద్దెకు పోతుంది, తక్కిన నెలలు తాళం పడి ఉంటుంది. అందులో రెండు గదులు, ఒక పొయ్యి ఏడాది పొడవునా రోగులకు వదలండి. మతమూ శాఖా అడక్కుండా ఇవ్వండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు కుగ్లర్ దొరసానమ్మ గానీ, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన ఐడా స్కడర్ గానీ అవి అడిగి మందివ్వలేదు. బియ్యానికి మీరు వెతుక్కోనక్కర్లేదు, మా పిడికెడు బియ్యం డబ్బాలున్నాయి. గ్యాసుకు మాత్రం కోత పండుగ వేలంపాట రాబడిలో పదోవంతు ఇప్పించండి. గుమ్మడికాయకు అంతంత పాడే మన పెద్దలకు ఇది బరువు కాదు.

రెండోది, అయ్యగార్లు ప్రసంగ వేదిక మీంచే చెప్పాల్సిన మాట. స్వస్థత కూటంలో నూనె రాయించుకుని మందులు ఆపేసినవాళ్ళను చూశాం. గడ్డ ముదిరాక డాక్టరు చేయగలిగేది తగ్గిపోతుంది. కీమో ఎక్కించుకోవడం అవిశ్వాసం కాదని చెప్పండి. సువార్త రాసిన లూకా వైద్యుడని సండే స్కూలు పిల్లలకూ తెలుసు. "ఏం పాపం చేసిందో" అని చెవులు కొరుక్కునేవాళ్ళ నోళ్ళు కూడా అక్కడే మూయించాలి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ అదే, ప్రభువు ఒప్పుకోలేదు.

మూడోది రైలు చార్జీల సంగతి. వేలూరు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు కాట్పాడిలో దిగుతారు. వైద్యానికి వెళ్ళే కేన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో రైలు చార్జీ పూర్తిగా మాఫీ, తోడెళ్ళేవారికి ముప్పావు వంతు తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపించాలి. ఈ సంగతి తెలియక నిండు టిక్కెట్టు కొనుక్కుంటున్నారు. ప్రతి పాస్టరేటులో ఈ కాగితాల పని చూసిపెట్టడానికి యువజనుల్లో ఒకరిని నియమించండి.

ఇక మంచం పట్టినవాళ్ళు. చివరి రోజుల్లో నొప్పికి డాక్టరు రాసిన మార్ఫిన్ వాడడం తప్పేమో అని ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు. మన మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన నర్సమ్మలు ఊరూరా ఉన్నారు. వారానికొకసారి వాళ్ళు రోగుల ఇళ్ళకు వెళ్ళి ఆ భయం తీర్చి వచ్చేలా ఆటో ఖర్చు మంజూరు చేయండి.

వచ్చే కార్యనిర్వాహక సమావేశంలో ఈ విన్నపాన్ని అజెండాలో చేర్చి, నిర్ణయం ఏదైనా సరే రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. గదుల విషయం మాత్రం అంతదాకా ఆపకండి.

ఇట్లు,
స్త్రీల మైత్రి సభ్యులు