నేల కింద ఖర్చు: పద్మా వంతెన నేర్పే లెక్క

బంగ్లాదేశ్‌లో పద్మా నదిపై కట్టిన వంతెన ప్రస్తావన వస్తే రెండు విషయాలే ముందుగా చర్చకు వస్తాయి. అవినీతి ఆరోపణలు ఎత్తి చూపి ప్రపంచ బ్యాంకు 2012లో 120 కోట్ల డాలర్ల రుణాన్ని రద్దు చేయడం ఒకటి. ఆ తర్వాత ఢాకా ప్రభుత్వం సొంత నిధులతోనే 6.15 కిలోమీటర్ల వంతెన పూర్తి చేసి 2022 జూన్ 25న ప్రారంభించడం రెండోది. 2007లో 10,161 కోట్ల టాకాలతో ఆమోదం పొందిన ప్రాజెక్టు చివరికి 30 వేల కోట్లు దాటింది. ఇంత పెరుగుదలకు కారణాలు చాలానే ఉన్నాయి: కింది అంతస్తులో రైలు మార్గం చేర్చడం, భూసేకరణ, నదీ తీరాల రక్షణ పనులు, పడిపోయిన టాకా విలువ. ఈ జాబితాలో అంతగా వినపడనిది నది అడుగున ఉన్న మట్టి.

పద్మా అడుగున చేతికందే లోతులో రాయి లేదు. వేల ఏళ్లుగా గంగా, బ్రహ్మపుత్రలు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు మాత్రమే ఉంది. పైగా భారీ వరదల్లో నది అడుగు 60 మీటర్లకు పైగా కోసుకుపోవచ్చని డిజైనర్లు లెక్కగట్టారు. కోత పడ్డాక కూడా వంతెన నిలబడాలంటే పైల్ అంతకంటే చాలా కిందకు దిగాలి. అందుకే మూడు మీటర్ల వ్యాసం గల ఉక్కు గొట్టాలను కాస్త వాలుగా, దాదాపు 120 మీటర్ల లోతుకు దిగగొట్టారు. అంటే నలభై అంతస్తుల భవనమంత ఎత్తు నీళ్ల కింద, మట్టిలో ఉండిపోయింది.

నదిలోని 40 పియర్లకు ఒక్కోదానికి ఆరు చొప్పున 240 పైల్స్ సరిపోతాయన్నది మొదటి డిజైన్. కాంట్రాక్టు ఇచ్చి, పని మొదలయ్యాక జరిపిన పరీక్షల్లో కొన్ని పియర్ల కింద, చాలా లోతున బంకమట్టి పొరలు బయటపడ్డాయి. పైల్ బరువు మోసేది రెండు రకాలుగా: చుట్టూ ఉన్న మట్టితో రాపిడి వల్ల, అడుగున ఆనుకున్న నేల బలం వల్ల. బంకమట్టి తగిలిన చోట ఈ రెండు లెక్కలూ తప్పుతాయి. డిజైన్ మళ్లీ చేయాల్సి వచ్చింది. 22 పియర్లకు ఏడో పైల్ చేర్చారు; పైల్ పక్కల్లోకి సిమెంటు ద్రావణం ఎక్కించి రాపిడి పెంచే పద్ధతినీ వాడారు. పైల్స్ సంఖ్య 262కు చేరింది. నిజానికి 22 అదనపు పైల్స్ ధర కంటే ఎదురుచూపు ఖర్చే ఎక్కువ బాధించేది. డిజైన్ తేలేదాకా భారీ సుత్తులు, తేలే క్రేన్లు, విదేశీ సిబ్బంది, రుణాలపై వడ్డీ ఏవీ ఆగవు. 2018కి పూర్తి కావాల్సిన వంతెన 2022కి వెళ్లడానికి కరోనాతో పాటు ఈ మట్టి కూడా కారణమే.

ఇది పద్మాకే పరిమితమైన విషయం కాదు. పైల్ పునాదుల ఖర్చుకు అంచనా వేయడం కష్టం కావడానికి కారణం సామగ్రి ధరలు కాదు. సిమెంటు, ఉక్కు ధరలు ఎవరికైనా తెలుస్తాయి. తెలియనిది లోతు. వ్యాసం సంగతీ చిన్నది కాదు: 600 మిల్లీమీటర్ల వ్యాసంతో 30 మీటర్ల పైల్ వేస్తే ఎనిమిదిన్నర ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, వ్యాసం 1,200 అయితే దాదాపు 34. రెట్టింపు వ్యాసానికి నాలుగు రెట్ల కాంక్రీటు. బోరు గోడలు కూలే వదులు ఇసుకలో అంచనా కంటే ఎక్కువే మింగుతుంది. యంత్రాన్ని సైటుకు తెచ్చి నిలబెట్టే ఖర్చు ఇరవై పైల్స్‌కైనా రెండు వందలకైనా ఒకటే కనుక చిన్న ప్రాజెక్టుకు పైల్ ఎప్పుడూ ఖరీదే.

ఇంత అనిశ్చితి ఉన్న చోట కోత పడేది ఎక్కడంటే, మట్టి పరీక్షల దగ్గరే. మొత్తం వ్యయంలో అతి చిన్న భాగమైన ఈ పద్దును తగ్గించి, నాలుగు బోర్లు వేయాల్సిన చోట రెండు వేసి, పక్క సైటు నివేదికతో సరిపెట్టుకోవడం కొత్త కాదు. పైల్స్‌పై భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 ప్రకారం ప్రాథమిక పరీక్షలో పైల్‌పై డిజైన్ భారానికి రెండున్నర రెట్లు మోపి చూడాలి. నిర్మాణంలో వాడే పైల్స్‌లోనూ కనీసం అర శాతాన్ని ఒకటిన్నర రెట్ల భారంతో పరీక్షించాలి. ప్రాథమిక పరీక్ష టెండర్‌కు ముందే జరిగితే పైల్ పొడవు, సంఖ్య ముందే తేలుతాయి. అది కాంట్రాక్టు ఇచ్చాక జరిగితే, ఫలితం ఎలా వచ్చినా అంచనాలు మారినట్టే.

మరో మెలిక కాంట్రాక్టులో ఉంటుంది. ఏకమొత్తపు టెండర్లలో మట్టి నివేదిక ‘సమాచారం కోసమే’ అని రాసి, తప్పయితే భారం కాంట్రాక్టర్‌పై వేస్తారు. తెలివైన కాంట్రాక్టర్ ఆ భయాన్ని ముందే ధరలో కలుపుకుంటాడు. తక్కువ కోట్ చేసి గెలిచినవాడు తర్వాత మధ్యవర్తిత్వానికి వెళతాడు, లేదా పైల్ పొడవులో మిగుల్చుకుంటాడు. మీటర్ల లెక్కన చెల్లించే పద్ధతిలో బిల్లు సాగదీసే ప్రలోభం ఉంది, నిజమే. అయినా పునాది వరకు కొలిచి చెల్లించడం, పైకట్టడానికి మాత్రం ఏకమొత్తం పెట్టడం మెరుగైన దారి. కొలత తప్పితే స్వతంత్ర పరిశీలకుడు పట్టుకోగలడు. మట్టిలో కలిసిన పొట్టి పైల్‌ను పట్టుకోవడం అంత తేలిక కాదు.

పునాదిపై పొదుపు ఎటు దారితీస్తుందో బిహార్ చూపింది. 2024 జూన్, జూలై నెలల్లో అక్కడ వరసగా పదికి పైగా చిన్న వంతెనలు కూలాయి. చాలావరకు పాతవి, లోతు తక్కువ పునాదులవి. కాలువల్లో పూడిక తీసే పనుల్లో తగిన జాగ్రత్తలు లేక స్తంభాల అడుగు మట్టి కదిలిపోయిందని ప్రభుత్వమే చెప్పి, ఇంజినీర్లను సస్పెండ్ చేసింది. పద్మాలో లెక్కలోకి తీసుకున్న కోతనే ఇక్కడ ఎవరూ లెక్కపెట్టలేదు.

తెలుగువారికి ఈ ప్రశ్న వంతెనల కంటే ఇళ్ల దగ్గరే ఎక్కువ తగులుతుంది. హైదరాబాద్‌లో చాలా చోట్ల రాయి త్వరగా దొరుకుతుంది. మామూలు పునాదితో సరిపోతుంది. నల్లరేగడి నేలల్లో, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే మట్టిని తట్టుకోవడానికి అడుగున గడ్డలా ఉబ్బిన పొట్టి పైల్స్ వేసే పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ దశాబ్దాల క్రితమే రూపొందించింది. చిన్న ఇళ్లకు అది భరించగల ఖర్చే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో బహుళ అంతస్తుల కథ వేరు. లోతున ఉన్న మెత్తని బంకమట్టి బరువుకు వెంటనే కాక, ఏళ్ల తరబడి నెమ్మదిగా అణుగుతుంది. 2016 నాటి రెరా చట్టం నిర్మాణ లోపాలకు బిల్డర్‌ను బాధ్యుణ్ని చేసేది ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల వరకే. ఆరో ఏట గోడల్లో పగుళ్లు కనిపిస్తే ఆ ఖర్చు ఫ్లాట్ యజమానులదే. కొనేముందు వంటగది టైల్స్ గురించి అడిగేవారు మట్టి పరీక్ష నివేదిక, పైల్ లోడ్ టెస్ట్ ఫలితం కూడా అడిగితే, ఇవ్వలేని బిల్డర్ ఎవరో అక్కడే తెలిసిపోతుంది.